ఎర్ర ట్యాగు కట్టిన సర్వరు

జగ్గారావు గురించి చెప్పాలంటే ముందు వాళ్లింటి మిక్సీ గురించి చెప్పాలి. ఓసారి ఆ మిక్సీ స్విచ్చికి ఎర్ర అట్టముక్క ఒకటి దారంతో వేలాడుతూ కనిపించింది. దాని మీద "ప్రమాదం. ఆన్ చేయరాదు. పని జరుగుచున్నది. జగ్గారావు" అని, కింద తేదీ, టైము. జరుగుతున్న పని ఏమిటయ్యా అంటే, జారు కింద రబ్బరు వాషరు అరిగిపోయింది, గాజువాక నుంచి కొత్తది తేవాలి. తెచ్చేదాకా మూడు రోజులు ఆ ఇంట్లో చట్నీ లేదు. నాలుగో రోజు తనే వచ్చి, తన చేత్తో దారం విప్పి, విప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసుకున్నాక గాని మిక్సీ తిరగలేదు.

మా స్టీలు ప్లాంటులో ఇది మామూలే. ఒక మోటారు దగ్గర మనిషి చేతులు పెట్టి పనిచేస్తుంటే, దూరాన ఉన్న దాని స్విచ్చికి అతని పేరుతో ఎర్ర ట్యాగు కడతారు. ఎవరు కట్టారో వాళ్లే విప్పాలి. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా ఆ దారం ముట్టుకోడు. చాలామంది ఇళ్లకు క్షేమంగా చేరుతున్నది ఆ అట్టముక్క వల్లే, అందులో నేనూ ఉన్నాను. కాకపోతే దాన్ని కనిపెట్టినవాళ్లు మిక్సీని దృష్టిలో పెట్టుకుని ఉండరు.

ఉక్కునగరంలో జగ్గారావుదీ నాదీ పక్కపక్క క్వార్టర్లు. ఒకే కంట్రోల్ రూము, ఒకే కుర్చీ. పొద్దున ఆరు నుంచి రెండుదాకా అతను, రెండు నుంచి పదిదాకా నేను. అతనిది పద్మనాభం వైపు, మాది గోదావరి వైపు. చుట్టరికమేమీ లేదు, అయినా మొదటి రోజు నుంచీ నన్ను "బావ" అంటాడు. దాంతో అతని భార్య నాగశ్రీకి నేను అన్నయ్యనయ్యాను, మా ఆవిడ భ్రమరాంబ వదిన అయింది.

నాగశ్రీ నాన్న శివరామకృష్ణగారు కృష్ణా జిల్లాలో ఏదో పంచదార ఫ్యాక్టరీలో పనిచేసి, తర్వాత స్టీలు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చినవారు. ఆ అమ్మాయి ఈ టౌన్‌షిప్ సెక్టార్లలోనే పెరిగింది. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసింది. పెళ్లయ్యాక పందొమ్మిదేళ్లు ఆ డిప్లొమా బీరువాలో పడుంది. కూతురు సత్యశ్రీ ఇంజినీరింగులో చేరాక, ఇంట్లో ఖాళీ పెరిగి, కంప్యూటరు మీద ఇళ్ల బొమ్మలు గీయడం నేర్చుకుంది. బొమ్మలంటే ఉత్త బొమ్మలు కావు. ఇంకా పునాది కూడా పడని ఇంట్లోకి మనల్ని గుమ్మంలోంచి తీసుకెళ్లి, మెట్లెక్కించి, డాబా మీదకు చేర్చే వీడియోలు. ఓసారి నాకు చూపించింది.

"ఇదిగో అన్నయ్యా, ఇది వంటిల్లు. సాయంత్రం నాలుగైతే కిటికీలోంచి ఎండ ఇలా గట్టు మీద పడుతుంది."

నేను నిజంగానే కళ్లు చిట్లించాను. ఇరవై ఏళ్లుగా క్వార్టరులో చీకటి వంటింట్లో వండిన మనిషి ఆ ఎండను ఎంత ఆలోచించి పెట్టుకుందో ఆ పూట నాకు తట్టలేదు.

ఆ వీడియోలు తయారవడానికి మామూలు లాప్‌టాప్ చాలదు. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు కావాలి. అది ఒక్కటే అడిగింది జగ్గారావుని. "ఏదో ఒకటి కొనండి, స్విచ్చి నొక్కితే వెలిగేది" అంది.

జగ్గారావు కంప్యూటరు కొనలేదు. సర్వరు కట్టాడు.

కూర్మన్నపాలెం దగ్గర ఎవరో ఆఫీసు ఎత్తేస్తూ అమ్మిన పాత పెట్టె ఒకటి తెచ్చాడు. చంటిపిల్లాడి ఉయ్యాలంత ఉంది. దానికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు బిగించాడు. బ్యాంకుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ సర్వర్లకు వేసే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి సంపాదించి వేశాడు. లోపలి గదిలో మంచం తీసేసి అక్కడ దాన్ని ప్రతిష్ఠించాడు.

"ఇంట్లోకి సర్వరెందుకోయ్?" అన్నాను.

"నీకు తెల్దు బావ. ఒక ట్రాన్స్‌ఫార్మరు మీద రెండు లైన్లు నడపట్లేదేటి మనం? ఇదీ అలగే. పెట్టె ఒకటే, కార్డూ ఒకటే. దాని లోపల రెండు కంప్యూటర్లు ఉన్నట్టు సేసినాను. ఉత్తుత్తివే గాని నిజం వాటిలాగే పన్సేత్తాయి. ఒకటి మీ సెల్లికి, ఒకటి పాపకి. కార్డుని సెరి సగం పంచీసినాను."

"రెండు మామూలు కంప్యూటర్లు కొని పడేస్తే పోయేది కదా?"

అతను నా వైపు జాలిగా చూశాడు. "అందులో సెయ్యడానికి పనేటుంది బావ?"

ఆ పెట్టె అంటే అతనికి ప్రాణం. ఎందుకంటే అది అచ్చం అతనిలాంటిదే. ఆపబోతే ఎందుకు ఆపుతున్నావో కారణం చెప్పమంటుంది. కారణం ఎంచుకునేదాకా కదలదు. "సూసినావా, మన లాగ్‌బుక్కులాగ!" అని నాకు మూడుసార్లు ఆపి చూపించాడు. పాటలు మాత్రం వినపడవు. సర్వరుకు పాటలతో పనేమిటని తయారుచేసినవాళ్లే ఆ సౌకర్యాన్ని ఆపి ఉంచుతారట. నాగశ్రీ అడిగితే, "అది డ్యూటీలో ఉంటాదే, పాటలేటి?" అన్నాడు.

నిజం చెప్పుకోవాలి, అది పనిచేసింది. వంటింట్లో గట్టు పక్కన పాత లాప్‌టాప్ పెట్టుకుని, పప్పు తిప్పుతూ నాగశ్రీ ఇళ్లు కట్టేది. బరువంతా లోపలి గదిలో పెట్టె మోసేది. పనిచేస్తున్నదాన్ని జగ్గారావు చూస్తూ ఊరుకోగలిగితే ఈ కథే లేదు. వారానికోసారైనా ఏదో ఒకటి మార్చేవాడు. పెట్టెలో కార్డుకు ఒక సాఫ్ట్‌వేరుంటుందట, లోపలి ఉత్తుత్తి కంప్యూటర్లలోనూ అదే ఉండాలట. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే నాగశ్రీ తెర నల్లగా అయిపోయేది.

"ఏమండీ, మళ్లీ పోయింది!"

"పది నిమిషాలే!"

"పొద్దున కూడా పది నిమిషాలే అన్నారు."

"అది వేరే పది నిమిషాలే."

గోడ ఇవతల నేనూ భ్రమరాంబా నవ్వుకునేవాళ్లం. క్వార్టరు గోడలు పల్చన, వినోదానికి లోటుండేది కాదు.

అలా ఉండగా నాగశ్రీకి ఒక అవకాశం వచ్చింది. గాజువాకలో ఒక ఆర్కిటెక్టు ఆఫీసువాళ్లు నలుగురికి ఒకే ప్లాను ఇచ్చి, ఆ ఇంటి వీడియో చేసి గురువారం సాయంత్రం ఆరు లోపల పంపమన్నారు. ఎవరిది నచ్చితే వాళ్లకు ఇంట్లోంచే నెల నెలా పని. పందొమ్మిదేళ్ల తర్వాత తన చదువుతో తనకొక ఉద్యోగం. ఆ అమ్మాయి పదిహేను రోజులు ఇంకో లోకంలో ఉంది. భ్రమరాంబ వెళ్లి పలకరిస్తే, "వదినా, మేడమెట్ల కింద చోటు వదిలేయాలా, దేవుడి గది పెట్టాలా?" అని అడిగేదట.

బుధవారం సాయంత్రానికి గీయడం అయిపోయింది. ఇక ఆ బొమ్మలన్నిటినీ కలిపి పెట్టె వీడియోగా మార్చాలి. దానికి రెండు గంటలు. రేపు తీరిగ్గా చేసుకుంటానంది. అప్పుడు జగ్గారావుకు ప్రేమ పొంగుకొచ్చింది.

"రెండు గంటలెందుకే? పాప హాస్టల్లో ఉంది కదా, దాని సగం కూడా నీకే ఇచ్చీత్తాను. కార్డంతా నీదే. గంటలో అయిపోద్ది సూడు."

పెట్టె ఆపాడు. ఎందుకు ఆపుతున్నాడో దానికి చెప్పాడు. మూత తీసి దుమ్ము దులిపాడు, కార్డు ఊడదీసి మళ్లీ బిగించాడు. పంపకం మార్చాడు. అన్నీ అయ్యాయి, ఆఖరుసారి వెలిగించి చూసుకోవడం ఒక్కటే మిగిలింది. పొద్దున ఆరింటికి డ్యూటీ, నిద్రొస్తోంది. మధ్యాహ్నం రెండున్నరకు ఇంట్లో ఉంటాడు, అప్పుడు చూసుకోవచ్చు. పెట్టె స్విచ్చికి ఎర్ర ట్యాగు కట్టి పడుకున్నాడు.

ఇక్కడ నేను ప్రవేశిస్తాను. రాకుండా ఉంటే బాగుండేది.

ఆ శుక్రవారం మా మేనకోడలి నిశ్చితార్థం. ఫోటోల్లో ముసలాడిలా పడకూడదని గురువారం పొద్దున కొత్త రకం జుట్టురంగు తెచ్చి పట్టించాను. పదింటికి దురద. పన్నెండింటికి నుదురు ముందుకొచ్చింది. ఒంటిగంటకు నా కళ్లు పొంగిన పూరీలో చాకుతో పెట్టిన గాట్లలా ఉన్నాయి. చెవుల దాకా నల్లటి మరకలు. భ్రమరాంబ నా మొహం చూసి నవ్వలేక గోడకు ఆనుకుంది. "మందేసుకోండి" అనడానికి ఆవిడకు పావుగంట పట్టింది.

ఆ మొహంతో కంట్రోల్ రూముకు వెళితే పదవీ విరమణ దాకా నాకు పేరు మారిపోతుంది. ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి, జ్వరం అన్నాను.

మా పనిలో ఒక నియమం ఉంది. రిలీవరు, అంటే తర్వాతి షిఫ్టువాడు, వచ్చి కూర్చునేదాకా పాతవాడు కుర్చీ వదలకూడదు. నేను రాలేదు కాబట్టి జగ్గారావు రాత్రి పదిదాకా అక్కడే. సెల్‌ఫోన్లు బయట లాకర్లో ఉంటాయి. లోపల ప్లాంటు ఫోను ఒకటి కుర్చీ పక్కనే ఉంటుంది.

మూడు కావొస్తుండగా మా తలుపు చప్పుడైంది. నాగశ్రీ గొంతు. నేను చటుక్కున పడకగది కర్టెన్ వెనక్కి దూరాను.

"వదినా, అన్నయ్య డ్యూటీకి వెళ్లారా? ఈయనింకా రాలేదు."

భ్రమరాంబ నా వైపు చూసింది. నేను కర్టెన్ సందులోంచి రెండు చేతులూ ఊపాను. వెళ్లిపోయానని చెప్పు.

"ఎప్పుడో వెళ్లారమ్మా" అంది మా ఆవిడ, నవ్వు దిగమింగుతూ. "వచ్చేస్తుంటాడు మీ ఆయన."

ఆ అమ్మాయి తల వంచి చెప్పుల్లో కాళ్లు దూర్చింది. "సరే వదినా" అంది నాగశ్రీ.

ఆ వారం ఆ అమ్మాయికి ఏదో పరీక్షలాంటిదుందని నాకు తెలుసు. ఆ రోజేనని తెలియదు. తెలియదని ఇప్పుడు రాస్తున్నాను గాని, తెలుసుకుందామని నేను ప్రయత్నించిందీ లేదు. నా మొహం గొడవ నాది.

ఐదింటికి భ్రమరాంబ పాలలోకి తోడు కోసం వాళ్లింటికి వెళ్లి, ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది. నవ్వడం లేదు.

"ఆ పిల్ల పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చుందండీ. ఆరు లోపల పంపాలట. స్విచ్చికి ట్యాగుంది."

"పీకి అవతల పారేయమను."

"అదే అన్నాను. 'మా నాన్న చెయ్యి మీరు చూడలేదు వదినా' అంది."

నేను చూశాను. శివరామకృష్ణగారి కుడిచేతికి రెండు వేళ్లుండేవి కావు. పంచదార ఫ్యాక్టరీలో ఆయన కట్టిన ట్యాగును, పనైపోయి ఉంటుందిలే అనుకుని ఎవరో విప్పారు. ఆ మూడు వేళ్ల చేత్తో అన్నం కలిపి ముద్దలు పెడితే తిన్న పిల్ల. అక్షరాల కంటే ముందు ఆ ఇంట్లో నేర్పింది ఇదే: పేరున్న దారం నీది కాదు, ముట్టుకోకు.

అప్పటికి ఇంకా గంట ఉంది. పెట్టెకు కావలసిందీ గంటే. ప్లాంటు నంబరు నాకు కంఠతా వచ్చు. ఒక్క ఫోను చేస్తే జగ్గారావు ఎత్తేవాడు. కాని చేస్తే, నేను ఇంట్లోనే ఉండి లేనని చెప్పించిన సంగతి బయటపడుతుంది. లేదా నేనే పక్కింటికి వెళ్లి, ఇందులో తెగిపోయే వేళ్లేమీ లేవమ్మా, నేను చెబుతున్నాను విప్పు అనొచ్చు. అద్దంలో మరోసారి చూసుకున్నాను. వెళ్లలేదు. టీ పెట్టమన్నాను.

రెండు షిఫ్టులు వరసగా చేసినందుకు మర్నాడు సెలవు దొరికి, పొద్దున జగ్గారావు రెండు కొబ్బరిబొండాలు పట్టుకుని నన్ను చూడటానికి వచ్చాడు. అప్పటికి వాపు సగం దిగింది.

"జొరం ఎలగుంది బావ? మొకం పీక్కుపోనాదే!"

వాచిన మొహాన్ని పీక్కుపోయిందనడం స్నేహం వల్లే సాధ్యం. కూర్చోమన్నాను.

"మీ సెల్లి పని పోనాది బావ. టైముకి పంపలేదు. నాను వచ్చి ట్యాగు విప్పి ఆన్ సేసినానా, మొదటి దెబ్బకే లేచింది! యాభై ఎనిమిది నిమిషాల్లో వీడియో అయిపోనాది. ఏ లోపమూ నేదు. పొద్దున పంపింది. ఫోన్ సేసినారు వాళ్లు. బాగుందమ్మా, అందరికన్నా బాగుంది, గాని నిన్న సాయంత్రమే వేరేవాళ్లకి ఇచ్చీసినాం, టైముకి ఇవ్వడం కూడా పనే కదా అన్నారంట."

"అయ్యో" అన్నాను.

"నాను అదే అడిగినాను బావ. ఇంట్లో ట్యాగేటే? ఏదో అలవాటుకి కడతాను. తీసీడమే కదా అని."

"ఏమంది?"

"ఏటీ అన్లేదు. అన్నం ఎట్టింది." అతను బొండాం నా చేతికిచ్చాడు. "తాగు బావ, ఒంట్లో వేడి తగ్గుద్ది."

తాగాను.

మూడు వారాలు మోశాను ఆ సంగతి. ఒక ఆదివారం ఉదయం నాగశ్రీ వెనక పెరట్లో బట్టలారేస్తుంటే, గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చెప్పేస్తే తేలికవుతుందనుకున్నాను. నాకే లెండి, ఆమెకు కాదు.

"చెల్లెమ్మా, ఆ గురువారం నువ్వొచ్చినప్పుడు నేను లోపలే ఉన్నాను, లేనని చెప్పించాను."

"తెలుసన్నయ్యా." తడిచీర దులిపి తీగ మీద వేసింది. "మీ కర్టెన్ పొట్టి. కింద మీ కాళ్లు కనిపించాయి."

నా వయసులో ఒక మనిషి ఎంత చిన్నగా అయిపోగలడో అప్పుడు తెలిసింది. కాసేపటికి గాని ఇంకో సంగతి బుర్రకెక్కలేదు.

"అయితే మీ ఆయన రాడని నీకు అప్పుడే తెలుసు!"

"తెలుసు."

"మరి ప్లాంటుకి ఫోన్ చేయలేకపోయావా?"

"ఆయన పక్కన కూడా ఫోనుంది కదన్నయ్యా." క్లిప్పు ఒకటి పళ్ల మధ్య పెట్టుకుని, తీసి, చీరకు పెట్టింది. "పదిహేను రోజులు చెప్పాను. గురువారం ఆరింటికి, గురువారం ఆరింటికి అని. పొద్దున వెళ్లేటప్పుడు కూడా చెప్పాను. షిఫ్టు పొడిగించారని ఆయనకు రెండింటికే తెలుసు. గుర్తొచ్చి ఫోన్ చేస్తారు, 'ట్యాగు తీసెయ్ నాగశ్రీ' అంటారు అనుకుని కూర్చున్నా. ఆయన నోటితో ఆ ఒక్క మాట అంటే నేనే విప్పేదాన్ని. మూడైంది. నాలుగైంది. ఫోను మోగలేదు."

"పనిలో పడి మరిచిపోయుంటాడమ్మా."

"అవును, మరిచిపోయారు. పావుగంటకోసారి రీడింగు రాయాలిగా మీకు? పదహారు గంటలు ఒక్కటి కూడా తప్పకుండా రాశారట. వచ్చి సంతోషంగా చెప్పారు."

నేను నా తప్పు గురించి మళ్లీ మొదలుపెట్టబోయాను. క్షమాపణ ఒకటి మంచి మాటలతో తయారుచేసుకుని వెళ్లాను మరి. ఆమె ఖాళీ బకెట్ అందుకుంది.

"మీరేం చేశారన్నయ్యా? మీరు మాకేమవుతారని? ఊరికే బాధపడకండి."

ఆ ఊరడింపు కంటే నాలుగు తిట్లు నయం.

ఆ తర్వాత ఆమె లాప్‌టాప్‌ని వంటింటి గట్టు మీంచి తీసేసింది. కణితి రోడ్డులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ, మీకు తెలుసట కదా, మా ప్లాను కాస్త చూసిపెట్టండని వస్తే, "నాకదంతా రాదండీ" అందని భ్రమరాంబ చెప్పింది. భార్యాభర్తలు కొట్టుకోలేదు, మాట్లాడుకోవడం మానలేదు. కూర బాగుంటే బాగుందంటాడు, ఇంకొంచెం వేయనా అంటుంది. గోడ ఇవతల మాకు వినడానికి మాత్రం ఏమీ ఉండదు.

జగ్గారావు ఆ పెట్టెను ఇంకా బాగుచేస్తూనే ఉన్నాడు. కొత్త ఫ్యాన్లు వేశాడు. మెమరీ పెంచాడు. కార్డు మొత్తం భార్య పేరనే ఉంచాడు.

"ఏటి బావ, అంత మంచి మిషను!" అంటాడు షిఫ్టు మారేటప్పుడు. "అంతా సిద్ధంగా ఉంది. కూసుంటే సాలు. ఆవిడికి ఇంటరెస్టు పోనాది. ఆడవాళ్లకి ఓపికుండదేటో."

ఎందుకు పోయిందో నాకు తెలుసు. చెప్పాలంటే నా కాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఇరవై రెండేళ్ల స్నేహం, రోజూ అదే కుర్చీ. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఏడాది దాటింది.

నేను చేయగలిగిందల్లా ఒకటి చేస్తున్నాను. ఎండైనా వానైనా రెండింటికి పదిహేను నిమిషాల ముందే కంట్రోల్ రూములో ఉంటున్నాను. ఆ పదిహేను నిమిషాలు ముందుగా ఇంటికి వెళ్లి అతను చేసేదేమీ లేదు, అక్కడ అతని కోసం ఎదురుచూసేవాళ్లూ లేరు. అయినా జగ్గారావు మహా సంతోషంగా కుర్చీలోంచి లేస్తాడు. కొత్తగా చేరినవాళ్లుంటే వాళ్లను పిలిచి మరీ చూపిస్తాడు.

"రిలీవరంటే ఇలగుండాల్రా! ఇరవై రెండేళ్లలో ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు రాలేదు మా బావ. అదీ పాపం, ఒళ్లు కాలిపోతంటే!"

నేను తల వంచుకుని లాగ్‌బుక్కులో సంతకం పెడతాను.